పదకొండు పాటలు, ఇంకోటి

బిట్రగుంట లోకో షెడ్డు ఫైర్‌మన్ డెంజిల్ ఫెర్రావ్
పోయిన నలభయ్యో రోజున
ఆయన చెల్లెలు మేవిస్ మిస్సమ్మ
కావలి ట్రంకు రోడ్డులో నా కొట్టుకొచ్చింది,
బిస్కెట్ల డబ్బాలో ఆరు స్పూలు టేపులు పెట్టుకొని.
"వీటన్నిట్నీ ఒకటిగా చెయ్యి నాయనా" అంది.
ఆమె తెలుగు మా అమ్మ తెలుగు కంటే నెల్లూరుది.

శ్రీ వెంగమాంబ రికార్డింగ్ సెంటర్ అని
బోర్డు మీద ఇంకా ఉంది గాని
ఇప్పుడు నేనమ్మేది ఫోను అద్దాలు, చార్జర్లు.
స్పూలు మిషను అటక దించాను.
బెల్టు పొడైపోయింది. సైకిలు ట్యూబు కోసి వేశాను.
తిరిగింది.

ముందు బుస. తర్వాత దగ్గు.
ఆ తర్వాత,
రాత్రి డ్యూటీ దిగి, మొహం కడక్కుండానే
మైకు పట్టుకున్న గొంతు.
ఇన్‌స్టిట్యూట్ హాలు చెక్కనేల మీద బూట్లు.
మూర్ మార్కెట్లో బేరమాడిన గిటారు,
ఆరో తీగ తెగితే సిగ్నలు తీగ బిగించాడంట.
కిరసనాయిలు డబ్బాని ఎవరో కసిగా బాదుతున్నారు.
పంతొమ్మిది వందల యాభై తొమ్మిది, డిసెంబరు.
పాటలన్నీ ఇంగిలీషు. నాకు సగం తెలీదు.
నా మోకాలికి తెలిసింది.
కౌంటరు కింద అదే పనిగా కొట్టుకుంటూ ఉండింది.

వారం కూర్చున్నాను.
ఏది ముందు, ఏది వెనక?
బతికుంటే ఆయన్నే అడిగేవాణ్ణి, కసిరేవాడు.
చచ్చిపోయిన మనిషి దేనికైనా ఒప్పుకుంటాడు,
అదే భయం.
అట్టమీదికి ఫోటో లేదు.
రైల్వే పాసు మీది బొమ్మ ఉంది,
ముద్ర సగం చెంప మీద పడింది.
అదే పెట్టాను.

ఆరో స్పూలు చివర
తెలుగు.

"నీల్లు పోసి పో పిల్లా
ఇంజను దప్పిగ్గుండాది"

రెండు నిమిషాల పాట. ఆపైన తనే నవ్వి
ఇంగిలీషులో ఏదో గొణిగాడు.
మేవిస్ తల దించుకొని చెప్పింది:
"ఇది ఎవరికీ వినిపించొద్దన్నాడు.
నోరు తిరగదని సిగ్గు. కాల్చెయ్యమన్నాడు."
"మరి?"
"అగ్గిపెట్టె దొరకలేదు."
ఫైర్‌మన్ ఇంట్లో.

పదకొండు పాటలు ఒక పక్కన పెట్టాను.
పన్నెండోది అటూ ఇటూ జరుపుతా ఉన్నాను.
అట్ట మీద పేరు మాత్రం టైపు చేసి పెట్టాను, దిద్ది:
"నీళ్ళు పోసి పో పిల్లా".

ఆ సాయంత్రం చార్జరు కోసం వచ్చాడు
రిటైరైన ఖలాసీ మాలకొండయ్య.
వైరు గుంజి చూస్తా చూస్తా ఆగిపోయాడు.
"ఈ పాట నీకాడికెట్టా వచ్చిందబ్బయా?"

"మీకు తెలుసా?"

"మేం తిప్పిందే దీనికి గదా.
ఎనిమిది మందిమి దూలానికి భుజాలానించి
ఈ పాటెత్తుకుంటే
మద్రాసు దిక్కు మొహం పెట్టిన ఇంజను
బెజవాడ దిక్కుకి తిరిగేది, పాటా అయిపోయేది.
ఆయప్ప రూములో ఒక్కడే పాడుకుంటా ఉంటే
కిటికీ కింద కూచోని నేర్చుకున్నాం."

"ఆయనకి తెలుసా?"

"చెప్తామా? సిగ్గుపడతాడని
ఆయప్ప వస్తా ఉంటే ఆపేసేవోళ్ళం."

అడగొద్దనుకుంటూనే అడిగాను,
నీళ్ళనేవాళ్ళా, నీల్లనేవాళ్ళా అని.

ముసలాయన నన్నొక పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడు.
"నీళ్ళంటే కాలు పడదబ్బయా.
నీల్లంటేనే భుజం కదిలేది."

కంప్యూటరు తెరిచాను.
అట్ట మీద నేను దిద్దిన అక్షరం చెరిపి
ఆయన తప్పు ఆయనకిచ్చేశాను.

మాలకొండయ్య చార్జరుకి డబ్బులిచ్చాడు.
చిల్లర అందుకోలేదు.
ఒక భుజం కొంచెం ముందుకి వంచి
కౌంటరుకి ఆనించి నిలబడ్డాడు.

"ఇంకోసారి తిప్పబ్బయా" అన్నాడు.